శ్రీరంగపట్టణం సంధిలో జామీను బాలలు

1792 ఫిబ్రవరి 26న టిప్పు సుల్తాన్ కుమారులు అబ్దుల్ ఖాలిఖ్, ముయిజుద్దీన్ శ్రీరంగపట్టణం కోట విడిచి కార్న్‌వాలిస్ సైనిక శిబిరానికి బందీలుగా వెళ్ళారు. పెద్దవానికి సుమారు 10, చిన్నవానికి 8 ఏండ్లు. సంధి ప్రకారం సుల్తాన్ సగం రాజ్యం వదులుకొని, 3 కోట్ల 30 లక్షల రూపాయలు చెల్లించాలి. బాకీ తీరేవరకు పిల్లలే జామీను. వారిని మద్రాసులో ఉంచి 1794లో తిరిగి అప్పగించారు.

కార్న్‌వాలిస్ వారిని తండ్రివలె ఆదరించినట్లు ఆంగ్ల చిత్రకారులు చిత్రించారు. ఆదరణ నిజమే కావచ్చు. అయినా అది బిడ్డలను తాకట్టు పట్టినవాని ఆదరణ.

నేటి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలను నాడు ఏలిన నిజాం అలీఖాన్ ఆ యుద్ధంలో కంపెనీ మిత్రుడు. అతని వాటాకు కడప వచ్చింది. 1800లో దానిని కంపెనీకే ధారాదత్తం చేశాడు. పరుల అన్యాయాన్ని చెప్పుకొనేటప్పుడు మన పాలకుని భాగాన్ని దాచడం న్యాయం కాదు.