అట్టపెట్టె మీద కనిపించని లెక్క

సంగారెడ్డి జిల్లా సంగుపేటలో 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వ టీ-ఫైబర్ ఇంటర్నెట్ ప్రయోగాత్మక సేవలు మొదలై, మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంట పరిచిన ఫైబర్ మీదుగా పల్లె ఇళ్లకు నెట్ చేరడం ఆరంభమయ్యాక, అదే జిల్లాలోని రాయికోడ్ వంటి చోట్ల కూడా ఏ రౌటర్ కొనాలన్న ప్రశ్నకు ప్రాధాన్యం వచ్చింది. అట్టపెట్టె మీద యాంటెన్నాల సంఖ్య, మెగాబిట్ల వేగం ఘనంగా కనిపిస్తాయి గానీ, కంప్యూటర్లు సర్వర్ మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పీర్-టు-పీర్ పద్ధతికి వాటితో తీరే అవసరం తక్కువే.

1999లో వచ్చిన పాటల మార్పిడి సేవ నాప్‌స్టర్‌లో ఏ పాట ఎవరి వద్ద ఉందో తెలిపే జాబితా కేంద్ర సర్వర్‌లో ఉండేది. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ మాత్రం ఫైలును ముక్కలు చేసి, పదులకొద్దీ కంప్యూటర్ల నుంచి ఏకకాలంలో తెప్పించడంతో ఇంటి రౌటర్ మీద అనుకోని భారం పడింది. ఇంట్లోని పరికరాలన్నిటినీ బయటకు ఒకే ఐపీ చిరునామాతో చూపే విధానాన్ని నాట్ అంటారు. 1994లో ప్రతిపాదితమైన ఈ విధానంలో రౌటర్, ఉమ్మడి ఇంటికి వచ్చిన ఉత్తరాలను ఎవరివి వారికి అందించే ఇంటిపెద్ద మాదిరిగా, ప్రతి కనెక్షన్‌నూ ఒక పట్టికలో నమోదు చేసుకుంటుంది. ఆ పట్టిక నిండితే కొత్త కనెక్షన్‌కు చోటుండదు కనుక, లైను బాగానే ఉన్నా వెబ్ పేజీ తెరుచుకోదు. పైగా రౌటర్ లైనక్స్ మీద నడిచేదైతే, దాని డిఫాల్ట్ అమరిక ప్రకారం సవ్యంగా ముగియకుండా మౌనంగా ఉండిపోయిన టీసీపీ కనెక్షన్ నమోదు 5 రోజుల దాకా చెరగదు.

2002 చివర లింక్‌సిస్ విడుదల చేసిన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ చరిత్రకెక్కినది ఈ సందర్భంలోనే. అందులో ఉన్నది లైనక్సేనని తేలి, 2003లో సోర్స్‌కోడ్ వెలువడి, 2004లో రౌటర్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలయ్యాక, పట్టిక పరిమాణాన్నీ గడువునూ వాడుకరులే మార్చుకోగలిగారు. 2005లో కంపెనీ ఆ రౌటర్ మెమరీని 16 నుంచి 8 మెగాబైట్లకు తగ్గించి, లైనక్స్‌ను తొలగించి, పాత నమూనాను డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో విడిగా అమ్మింది. పొదుపు కోసం తీసేసినదే అసలు సరుకని ఒప్పుకున్నట్టయింది.

నేటి రౌటర్లలో మెమరీకి కొరత అంతగా లేదు, చిక్కు వీధి చివరకు మారింది. 2011లో ఐపీవీ4 చిరునామాల కేంద్ర నిల్వ అయిపోవడంతో, సర్వీస్ ప్రొవైడర్లే అనేక ఇళ్లను ఒక్క చిరునామా వెనుక ఉంచే సీజీ-నాట్‌ను ఆశ్రయించారు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (బయటి నెట్‌వర్క్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే ఆ ఇల్లు సీజీ-నాట్ వెనుక ఉన్నట్టే. అప్పుడు బయటి కంప్యూటర్లకు దారి తెరిచే పోర్ట్ ఫార్వార్డింగ్‌ను ఎంత ఖరీదైన రౌటర్‌లో అమర్చినా ఫలితముండదు. కనుక రౌటర్‌కు డబ్బు కట్టే ముందే, ఇంటికే సొంతమైన పబ్లిక్ ఐపీ గానీ చిరునామాల కొరత లేని ఐపీవీ6 గానీ ఇస్తారా అని ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.