వినయము, తగ్గింపు: బందరు బడి కథ

దివిసీమ పల్లెలలోను, గుడివాడ ప్రాంతపు పేటలలోను ఆదివారమునాడు ప్రార్థన మందిరము ప్రక్కగా పోవువారికి తరచు వినవచ్చు మాట ఒకటి కలదు. అది తగ్గింపు. పండితులు వినయము అందురు. రెండును ఒకటే యని మనము తలంతుము గాని వానికి కొంత భేదమున్నది. విద్య వలన వినయము కలుగునని చిన్ననాట బడిలో నేర్చుకొన్నాము. అది చదువుకొన్నవానికి ఆభరణము వంటిది. తగ్గింపు అన్నచో పై మెట్టుమీది మనిషి క్రిందికి దిగవలెను. ప్రాచీన గ్రీకులు ఈ అర్థము గల తమ పదమును అల్పుడు, దాస్యబుద్ధి గలవాడు అను నిందగా వాడెడివారు. శిష్యుల పాదములు కడిగిన గురువును కొలిచిన క్రైస్తవులు ఆ నిందనే సద్గుణముగా స్వీకరించిరి. పదమునకు అర్థము మారినంత సులభముగా మనుష్యులు మారుదురా? బందరు చరిత్రలో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

1841లో చర్చి మిషనరీ సొసైటీ పంపగా ఇద్దరు ఆంగ్లేయులు బందరు చేరిరి. హెన్రీ ఫాక్సు ఆక్సుఫర్డులోను, రాబర్టు నోబులు కేంబ్రిడ్జిలోను చదివినవారు. ఫాక్సు ఊరూర తిరిగి బోధించెను. 1845లో భార్యను పోగొట్టుకొని, తన ఆరోగ్యమును చెడగా స్వదేశమేగి, 1848లో 31 ఏండ్లకే మరణించెను. నోబులు మాత్రము బందరునే అంటిపెట్టుకొని యుండెను. 1843లో బడి స్థాపించి, వివాహమాడక, ఒక్కసారియైన ఇంగ్లండునకు మరలిపోక, 24 సంవత్సరములు ఈ ఉప్పుగాలిలోనే గడపెను. స్వదేశమున ఎంత పదవికైన తగిన విద్య గలవాడు ఒక రేవు పట్టణపు పిల్లలకు పాఠములు చెప్పుటతో తృప్తి పడుట సామాన్యమైన తగ్గింపు కాదు.

అయితే ఆ బడి వాకిట ఒక గీత యుండెను. అగ్రకులముల బాలురకే ప్రవేశము. మాల, మాదిగ పిల్లలకు లేదు. పెద్దలు నమ్మినచో తక్కినవారు వారి వెంట వత్తురని నోబులు ఆశ. కాలువ నీరు మెరకనుండి పల్లమునకు పారు సీమలో ఈ ఆలోచన వింతగా తోచదు. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. తల్లిదండ్రులు తక్షణమే తమ పిల్లలను మాన్పించిరి. బడి దాదాపు ఖాళీ యయ్యెను. ఆ యువకులకు ఇల్లును కులమును దూరమయ్యెను. తరువాత వారిద్దరును గురువులైరి. వారు విడిచినదాని బరువు మనము ఈనాడు సరిగా ఊహింపలేము.

నీరు మాత్రము నోబులు ఎదురుచూచిన దిక్కునుండి రాలేదు. రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాల కులస్థుడుండెను. దొంగల ముఠాకు నాయకుడని ప్రతీతి. ఏ బడిలోను చదువకయే విగ్రహములపై నమ్మకము పోగొట్టుకొని, నిజమైన దేవుడెవరో తనకు తెలుపుమని వేడుకొనుచుండెనట. 1859లో బెజవాడ వచ్చినప్పుడు డార్లింగు అను మిషనరీ బోధ విని, ఆయనను తన ఊరికి పిలుచుకొని పోయి, కుటుంబముతోను ఇరుగుపొరుగువారితోను బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట కృష్ణా మండలమున వేలకొలది మాలలు ఆ త్రోవను నడిచిరి.

తగ్గింపునకు నిజమైన పరీక్ష అప్పుడు వచ్చినదని మా అభిప్రాయము. క్రిందివానికి దయతో ఇచ్చుట ఒక ఎత్తు. అతనినుండి పుచ్చుకొనుట, అతని సరసన మోకరిల్లుట మరియొక ఎత్తు. ఆంగ్లికను సంఘమున ప్రభురాత్రి భోజన సమయమందు అందరును ఒకే గిన్నెనుండి త్రాగుదురు. కులము విడిచి వచ్చినవానికి సయితము, ముందు మాలపల్లె మనిషి పెదవి తాకిన గిన్నెను అందుకొనుట ఎట్లుండునో, అంటరానితనమును కన్నులార చూచిన తరమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. నోబులు చిత్తశుద్ధిని మేము శంకింపము. ఆయన తన్ను తాను తగ్గించుకొనెను గాని, బడి విషయమున ఊరి అంతస్తులకు తలయొగ్గెను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై విరుచుకొని పడెను. సుమారు 30 వేల మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారికి ఆ రాత్రి ఎట్టిదో తెలియును. అట్టి నీటికి మెరకయు పల్లమును ఒకటే. నోబులు ఆ తరువాత ఒక సంవత్సరమైన జీవింపలేదు. 1865 అక్టోబరు 17న బందరులోనే కన్నుమూసెను. ఆయన బడి పెరిగి కళాశాలయై ఆయన పేరనే నిలిచియున్నది. పేటలలోను పల్లెలలోను తగ్గింపును గూర్చి పాడుకొనుచున్న సంఘములలో మాత్రము, ఒకనాడు ఆ బడి గడప త్రొక్కనోచని వారి మనుమలును మునిమనుమలును ఎందరో కలరు.