వేలి కీలు మార్పిడి: ఆరు దశాబ్దాల సింహావలోకనం

మోకాలి చిప్పల మార్పిడి అంటే ఇప్పుడు ఊరూరా తెలుసు. వేలి కీలును కూడా మారుస్తారన్న సంగతి మాత్రం చాలామందికి కొత్తే. నిజానికి ఈ ఆపరేషన్ వయసు ఆరు దశాబ్దాలు దాటింది. మోకాలు, తుంటి విషయంలో పరికరాలు మెరుగయ్యేకొద్దీ ఫలితాలూ మెరుగయ్యాయి. వేలి చరిత్ర అంత తిన్నగా సాగలేదు. ఇక్కడ పరికరం కన్నా ఎక్కువగా మారింది ఫలితాన్ని కొలిచే కొలబద్ద.

అమెరికా సైనిక వైద్యులు బ్రానన్, క్లైన్‌లు 1959లో తమ లోహపు వేలి కీలు అనుభవాలను ప్రచురించారు. అది తలుపు బందులా ఒకే దిశలో మడత పడేది. అయోవాలో ఏడ్రియన్ ఫ్లాట్ దానికి రెండు కాళ్లు పెట్టి, ఎముకలో గిర్రున తిరగకుండా చేసి, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) రోగులకు అమర్చారు. మెటికల దగ్గరి కీలు ముందుకూ వెనక్కూ వంగడమే కాక పక్కలకూ కదులుతుంది. బందుకు ఆ వీలు లేదు. పైగా కీళ్లవాతంతో ఎముక గుల్లబారి ఉంటుంది. దాంతో లోహం క్రమంగా ఎముకను తొలుచుకుపోయింది, వదులైంది. 1970లలో సిమెంటుతో బిగించిన లోహ, ప్లాస్టిక్ కీళ్లు వచ్చినా వాటికీ వదులవడం తప్పలేదు.

మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ సర్జన్ ఆల్ఫ్రెడ్ స్వాన్సన్ 1960లలో దీన్ని వేరే వైపు నుంచి ఆలోచించారు. ఆయన సిలికాన్ రబ్బరు ముక్క నిజానికి కీలే కాదు, పాడైన ఎముక చివరలు తీసేశాక మధ్యలో ఉంచే వంగే దిమ్మ. దాన్ని ఎముకకు బిగించరు. చుట్టూ శరీరమే ఒక పొర అల్లుకుంటుంది, అసలు కీలు పని చేసేది ఆ పొరే. ఈ సులువైన పద్ధతి ప్రపంచమంతా పాకింది.

తర్వాత లెక్కలు తేలడం మొదలైంది. 1976లో మేయో క్లినిక్ సమీక్షలో స్వాన్సన్ దిమ్మల్లో నాలుగింట ఒకటికి పైగా విరిగినట్టు తేలింది. 2003లో సర్జన్లు గోల్డ్‌ఫార్బ్, స్టెర్న్‌లు 52 చేతుల్లోని 208 కీళ్లను సగటున 14 ఏళ్ల తర్వాత పరిశీలించారు. 63 శాతం విరిగిపోయాయి. చేతి పనితీరుతో తృప్తి 38 శాతం చేతుల విషయంలోనే కనిపించింది. 2004లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రి వైద్యులు 381 మందికి అమర్చిన 1,336 కీళ్ల చరిత్ర వెల్లడించారు. 17 ఏళ్ల నాటికి నిలిచినవి 63 శాతమని లెక్కగట్టారు. ఎక్స్‌రేల్లో మాత్రం మూడింట రెండు వంతులు విరిగి కనిపించాయి. విరిగినవాటిలో చాలావాటిని తీయనక్కర్లేదు, చుట్టూ అల్లుకున్న పొర వాటి పని మోస్తూనే ఉంటుంది. అసలు చిక్కు ఏళ్లు గడిచేకొద్దీ వేళ్లు మళ్లీ చిటికెనవేలి వైపు ఒరిగిపోవడం.

విరగని పదార్థం కోసం వెతుకులాట పైరోకార్బన్ దగ్గరికి చేరింది. అణు ఇంధన పూతగా పుట్టి, గుండె కవాటాల్లో నిరూపించుకున్న పదార్థం ఇది. 1979–87 మధ్య మేయోలో 53 మందికి అమర్చిన 151 కీళ్లలో పదేళ్లకు 81 శాతం నిలిచాయని 1999లో ప్రకటించారు. వేలి నడిమి కణుపులో మాత్రం అంత మెప్పు రాలేదు. కిర్రుమనడం, కుంగడం, వదులవడం వంటి ఫిర్యాదులు వచ్చాయి. సిలికాన్‌ను పూర్తిగా పక్కకు నెట్టగలిగింది ఈనాటికీ రాలేదు.

మరో మలుపు కొలతల్లో వచ్చింది. సర్జన్ కెవిన్ చుంగ్ 1998లో రూపొందించిన మిషిగన్ ప్రశ్నావళి ఎక్స్‌రేను వదిలి రోగినే అడిగింది: పని చేసుకోగలుగుతున్నారా, నొప్పి ఎంత, చేయి చూసుకుంటే ఎలా అనిపిస్తోంది? ఆ ప్రశ్నావళితోనే అమెరికా, ఇంగ్లండ్ కేంద్రాల్లో ఆపరేషన్ అయినవారినీ కానివారినీ ఏళ్ల తరబడి పోల్చారు. ఆపరేషన్ అయినవారిలో చేతి పనితీరు, రూపం మెరుగై, ఏడేళ్ల తర్వాతా నిలిచాయి. పట్టు బలం మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు.

ఈలోగా మందులు ముందుకొచ్చాయి. 1980లలో మెథోట్రెక్సేట్, 1990ల చివర బయోలాజిక్స్ రావడంతో మెటికలు పూర్తిగా దెబ్బతినే రోగులే తగ్గారు. ఈ ఆపరేషన్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విజయం ఆపరేషన్ అవసరమే తగ్గడం.

కాబట్టి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి, మెటికలు వాచి వారాల తరబడి తగ్గకపోతే, వాతమేలే అని ఊరుకోకండి. వెంటనే రుమటాలజిస్టును కలవండి. ఆ దశ దాటి సర్జన్ దగ్గర కూర్చోవాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ ఆపరేషన్ నొప్పి తగ్గించి, వేళ్లను తిన్నగా నిలబెట్టగలదు. పోయిన పట్టును తిరిగి ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు.