కాలేయమునకు కొలకఱ్ఱ

మనము మింగిన మందు తన పని ముగించుకొని శరీరమును విడిచిపోవలెనన్నచో, అనేక సందర్భములలో దానిని ముందుగా కాలేయము మార్చవలసియుండును. క్రొవ్వులో కరగు పదార్థమును నీటిలో కరగు పదార్థముగా మార్చి, మూత్రము వెంట పోవునట్లు చేయుట ఈ మార్పునకు ఫలము. ఈ పని యెంత చురుకుగా సాగుచున్నదో కొలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1841లో లండను వైద్యుడు అలెగ్జాండర్ యూర్, బెంజోయిక్ ఆమ్లమును సేవించినవారి మూత్రములో హిప్పూరిక్ ఆమ్లము వెలువడుచుండుట గమనించెను. శరీరము తనలోనికి వచ్చిన అన్యపదార్థమును ఊరక దాటనీయదని దీనివలన తేలినది. కాని ఆనాటి పరిశీలన యంతయు మూత్రమును చూచి లోపలి సంగతిని ఊహించుటయే.

1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని బెథెస్డాలో బెర్నార్డ్ బ్రోడీ, జూలియస్ ఆక్సెల్‌రాడ్ మున్నగువారు వేరొక త్రోవ త్రొక్కిరి. జంతువుల కాలేయమును నూరి, యంత్రములో అతివేగముగా త్రిప్పి, మైక్రోసోములు అను సూక్ష్మభాగములను వేరుపఱచిరి. వానికి ప్రాణవాయువును, ఎన్.ఎ.డి.పి.హెచ్. అను సహాయక ద్రవ్యమును అందించినచో, మందును మార్చు పని గాజునాళికలోనే సాగినది. జంతువు లేకయే కాలేయపు పనిని చూడగల అవకాశ మట్లు లభించెను.

ఇక దేనిని కొలువవలెను? అమినోపైరిన్ అను నొప్పిమందు అప్పుడు అక్కఱకు వచ్చినది. కాలేయము దానినుండి మిథైల్ అను చిన్న భాగమును ఊడదీయగా ఫార్మాల్డిహైడు పుట్టును. 1953లో నాష్ ప్రకటించిన పద్ధతిని అనుసరించి ఒక ద్రావణమును కలిపినచో పసుపురంగు వచ్చును. రంగు ఎంత చిక్కనైనచో పని అంత జరిగినట్లు. సులభమైన పద్ధతి యగుటచే ఇది పెక్కు ప్రయోగశాలలలో వ్యాపించెను.

అయితే ఒక చిక్కు బయలుపడినది. 1962లో జపాను శాస్త్రజ్ఞులు ఒమురా, సాతో కాలేయములోని ఒక వర్ణద్రవ్యమునకు పి-450 అని పేరిడిరి. కార్బన్ మోనాక్సైడుతో కూడినపుడు అది 450 నానోమీటర్ల కాంతిని మిక్కిలిగా పీల్చుటయే ఆ పేరునకు కారణము. మందులను మార్చునది ఇదియేనని తరువాత ఋజువైనది. మొదట ఒక్కటే అనుకొన్న పి-450 క్రమముగా ఒక పెద్ద ఎంజైముల కుటుంబమని తేలెను. అమినోపైరినును వానిలో పెక్కు మార్చగలవు. పదిమంది నేతగాండ్రున్న శాలలో మొత్తము బట్టను కొలిచి, ఒక్కని పనితనమును లెక్కగట్టజూచినట్లయినది.

ఈ లోపము చిన్నది కాదు. డెబ్రిసోక్విన్ అను రక్తపోటు మందును లండనులో రాబర్ట్ స్మిత్ స్వయముగా సేవింపగా ఆయన రక్తపోటు ప్రమాదకరముగా పడిపోయెను. సహచరుల కట్లు కాలేదు. కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైము పనిచేయదని 1977లో ఆయన బృందము ప్రకటించెను. అదియే నేటి 2డి6. మొత్తమును మాత్రమే కొలుచు పరీక్షలో ఇట్టి లోపము మరుగుపడవచ్చును.

కావున ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క శోధకచర్య కావలసివచ్చెను. దాని యెన్నికకు నియమములు ఏర్పడినవి. ఆ చర్యను ప్రధానముగా ఒక్క ఎంజైమే జరుపవలెను. పుట్టిన పదార్థము సులభముగా కొలువబడవలెను. కాలము, మైక్రోసోముల పరిమాణము పెరిగినకొలది ఫలమును అదే పాళ్లలో పెరుగవలెను. మందు గాఢతయు మితముగా నుండవలెను. ఫెనాసెటిన్‌ను కొద్దిగా వేసినచో 1ఎ2 యే ముఖ్యముగా పనిచేయును. ఎక్కువైనచో ఇతర ఎంజైములును చేయి కలుపును. ఈ విధముగా 2సి9కి డైక్లోఫెనాక్, 2డి6కి డెక్స్‌ట్రోమెథోర్ఫాన్, 3ఎ4కు మిడజోలామ్ స్థిరపడినవి. 3ఎ4 లోపలి చోటు విశాలమగుటచే, ఒక శోధకచర్యను అడ్డగించిన మందు రెండవదానిని అంతగా అడ్డగింపకపోవచ్చును. అందుచే మిడజోలామ్‌తోపాటు టెస్టోస్టెరోన్‌ను గూడ పరీక్షించుట వాడుక.

ఈ శ్రమ యెందులకో టెర్ఫెనడిన్ కథ చెప్పును. తుమ్ములకు, దురదలకు వాడిన ఆ మందును 3ఎ4 దాదాపు పూర్తిగా మార్చివేయును. కీటోకొనజోల్ వంటి మందు తోడైనచో ఆ ఎంజైము స్తంభించి, టెర్ఫెనడిన్ నెత్తురులో పేరుకొని గుండె లయను చెఱచును. మరణములును సంభవించినవి. 1998లో అమెరికా విపణినుండి దానిని తొలగించిరి. అది మారగా పుట్టు ఫెక్సోఫెనడిన్ మాత్రము నిరపాయమైన మందుగా నిలిచినది. 1997లోనే అమెరికా ఔషధశాఖ ఇట్టి గాజునాళిక పరీక్షలను గూర్చి సూచనలను ప్రకటించెను. 2024లో అంతర్జాతీయ మార్గదర్శకమును వెలువడినది.

నేడు క్రొత్త మందు రోగిని చేరకమునుపే, ఏ ఎంజైముతో దానికి సంబంధమో నాళికలో అడిగి తెలిసికొనుచున్నారు. ఆ జ్ఞానము మనయింట ఫలింపవలెనన్నచో మన వంతు పనియు ఒకటి కలదు: వైద్యుని యొద్దకు పోయినపుడు అప్పటికే వాడుచున్న మందులన్నిటి పేర్లను దాచక చెప్పుట.