సైనికులకు సత్యమైన సత్కారము

కులసంఘములు తమ వార్షికసభలయందు పూర్వవీరులను కీర్తించుట పరిపాటియై యున్నది. ఆచారము మంచిదే. కాని యందు రెండు దోషములు తఱచుగా దొరలుచుండును. లేని శౌర్యమును కల్పించి చెప్పుట యొకటి. ఉన్న సేవను మఱచుట రెండవది. ఈ రెండును సైనికునకు సమానముగా నపకారము చేయునవియే. ముదిగుబ్బ, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములవారమగు మనకు ఈ విషయమున దారిచూపుటకు మన పూర్వులు విడిచిన శిలలే చాలును.

ఈ సీమయందు పల్లెల పొలిమేరలను, చెఱువుగట్లను, గుడిముంగిళ్లను వీరగల్లులు కానవచ్చును. అమరాపురము మండలములోని హేమావతి యొకప్పుడు హెంజేరను పేర నొళంబరాజులకు రాజధానియై యుండెను. ఆ కాలమున ఈ సీమయందును, పొరుగు కన్నడసీమయందును ఇట్టి శిలలు విస్తారముగా వెలసెను. క్రింది యంతరమున పోరాటము, నడుమ వీరుని కొనిపోవు నప్సరసలు, పైని దేవసన్నిధి చెక్కుట వాని సామాన్యలక్షణము. రాజుల యుద్ధములందు పడినవారికే గాక, ఊరి పసులను దొంగలనుండి విడిపింపబోయి మడిసిన సామాన్యునకును శిల నిలిపిరి.

బెంగుళూరు మ్యూజియమునందున్న బేగూరు శిల ప్రసిద్ధమైనది. నాగత్తరుడను యోధుడు తుంబెపాడి యొద్ద వీరమహేంద్రుని సేనతో పోరి మడిసెననియు, పిమ్మట గంగరాజగు ఎఱెయప్ప ఇరుగుడను వానికి నాగత్తరపదవి నిచ్చి, బేగూరు మున్నగు 12 గ్రామముల నొసంగెననియు నందు వ్రాయబడినది. వీరుని పేరు, పోరిన స్థలము, అటుపై నీయబడిన భూమి, ఈ మూడును ఒక్క శిలమీదనే యున్నవి. పోరున మడిసినవాని కుటుంబమున కిచ్చు భూమికి రక్తమాన్యమను పేరే శాసనములందు గలదు. పొగడ్తతో పాటు జీవనాధారమునుగూడ గల్పించుట పూర్వుల మర్యాద.

తరువాతి కాలమున లోకుల యభిప్రాయ మెట్లు తలక్రిందులయ్యెనో చూడుడు. 1757లో ప్లాసీ యుద్ధమునకు ముందు క్లైవు మదరాసునుండి సిపాయిలను వంగదేశమునకు గొనిపోయెను. ఈ తెలుగుసీమ సిపాయిల పేరే నిలిచి, ఉత్తరహిందూస్థానమున కుంపినీ సిపాయి యెవ్వడైనను ‘తిలంగా’ యని పిలువబడెను. అట్టి తెలుగువారినే 19వ శతాబ్ది చివర ‘యోధజాతులు’ కారని దొరలు త్రోసివేసిరి. 1881 మొదలు 1885 వఱకు మదరాసు సేనాధిపతియైయుండి, పిదప భారతసేనాధిపతియైన రాబర్ట్సు ఈ వాదమునకు పెద్ద దన్ను. దక్షిణదేశపు సిపాయి దీర్ఘశాంతివలన పౌరుషము కోల్పోయెనని యాతని తలంపు. తెలుగువారి చేరిక తఱిగిపోయెను. రెండవ ప్రపంచయుద్ధము ముంచుకొనివచ్చి మనుష్యుల యవసరము కలిగినంతనే, నిన్న పనికిరానివారు నేడు పనికివచ్చిరి! అవసరమునుబట్టి మాఱెడు కొలత కొలతయే కాదు.

అట్టి కొలతను మనము మాత్ర మేల చేపట్టవలెను? ‘మాది యోధజాతి, తక్కినవి కావు’ అని సభలందు చాటుకొనుట ఆ దొరల మాటనే మరల బలుకుట. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలము కల్లితండా వాసియగు మురళీనాయక్ అగ్నివీరుడై కాశ్మీరసరిహద్దున 2025 మే నెలలో వీరమరణము నొందెను. అతడు సుగాలీబిడ్డ. పరదొరల పాలనయందు 1911 నాటి చట్టము క్రింద సుగాలీలలో పలువురను నేరజాతివారిగా నమోదు చేసిరి. మదరాసు రాజధానియందు ఆ చట్టము 1947లో రద్దయ్యెను. జాతులకు దొరలు పెట్టిన పేళ్ల విలువ యెంతయో యీ యొక్క తండాబిడ్డ తేటపఱచెను. ప్రభుత్వమాతని కుటుంబమునకు 50 లక్షల రూపాయలును, 5 ఎకరముల భూమియు ప్రకటించినపుడు ప్రాచీన రక్తమాన్యము మరల జ్ఞప్తికి వచ్చెను. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు బీహారు రెజిమెంటు దళమునకు నాయకుడై 2020 జూన్ 15న గల్వానులో నొఱగి, మహావీరచక్రము నొందెను. సేనలో నాయకు డెవ్వరి నడుపునో, ఎవ్వరికై ప్రాణమిచ్చునో కులము నిర్ణయింపదు.

ఇక నిజము చెప్పుటయందు జంకు కూడదు. మన కఱవుసీమలో వాన తప్పి, శనగపంట యెండినపుడు జీతమునకై పటాలమున చేరినవారు పెక్కుండ్రు. ఇది చిన్నతనమని దాచనేల? కూటికై పోయినవాడును కాలము వచ్చినపుడు నిలిచెను గదా! మొదటి ప్రపంచయుద్ధమున 1919 చివరకు భారతదేశమునుండి చేర్చుకొనబడిన పోరుభటులు 8 లక్షల 77 వేలు. వంటవారు, మోతవారు, కంచరగాడిదలను తోలువారు మున్నగు సేవకులు 5 లక్షల 63 వేలు. తుపాకి పట్టనివాని నెవ్వరును గేయములందు పాడరు. కాని వాని చాకిరి లేనిదే తుపాకి పేలదు. చేయని సాహసమును వానికంటగట్టుట వాడు చేసిన పనిని చిన్నబుచ్చుటయే యగును.

మడిసినవారిని స్మరించుట సులభము. తిరిగివచ్చినవారిని గౌరవించుట కష్టము. పదునేనేండ్లు మంచుకొండలలో కావలి కాచినవాడు ఊరికి వచ్చిన మఱునాటినుండి కొందఱి దృష్టిలో క్యాంటీను సరకు తెచ్చువాడు మాత్రమే. మఱికొందఱకు పండుగనాడు వేదికపై కూర్చుండబెట్టు బొమ్మ. అతనికి కావలసినవి పింఛను కాగితము, పట్టాభూమికి హద్దు, పిల్లల చదువు, కీళ్లనొప్పికి వైద్యము. 1949 మొదలు ఏటేట డిసెంబరు 7న సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు జెండా గుచ్చుకొని మఱునాడు మఱచుట చాలదు.

కావున పోషకులకును, సభ్యులకును విన్నపము. ఊరూరను సైనికుల పట్టిక యొకటి వ్రాయింపుడు. అందు పేరు, పటాలము, కొలువున్న యేండ్లు, చేసిన పని డిశ్చార్జి పుస్తకమును జూచియే వ్రాయవలెను. ఆధారము లేని సాహసము నందు చేర్పరాదు. ఆధారమున్న చిన్నసేవను విడువరాదు. ఆ యూరి యితర కులములవారి పేళ్లును దానిలోనే యుండవలెను. పసుల మందను కాచినవానికి శిల నిలుపునపుడు ఊరంతయు వానికి ఋణపడెను గదా! దండలకగు వ్యయములో కొంత తగ్గించి, వితంతువుల పింఛను దరఖాస్తులకును, బిడ్డల ఫీజులకును వినియోగింపుడు. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమునకు దారి తెలియని ముదుసలికి తోడుపోవు యువకుని నియమింపుడు.

శిల చెక్కినవాడు జరిగినదే చెక్కిన, వేయేండ్లకైనను దానిని నమ్మి చదువుదురు. మన పట్టికయు నట్టిదై యుండుగాక.