ఫోన్ గేమ్, ఆన్‌లైన్ రమ్మీ: అలవాటు ఎప్పుడు జబ్బవుతుంది? సాయం ఎక్కడ దొరుకుతుంది?

‘మావాడు ఫోన్ వదలడు’ అనే ఫిర్యాదు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నదే. జీతమంతా రమ్మీ యాప్‌లో పోగొట్టుకుని, అది రాబట్టుకోవడానికి లోన్ యాప్‌లో అప్పు చేయడం అలాంటిది కాదు. మనం రెండింటినీ ‘వ్యసనం’ అనే అంటాం. వైద్యులు మాత్రం అలా చూడరు. ఆ తేడా తెలిస్తే దేనికి కంగారు పడాలో, దేనికి అక్కర్లేదో మీకు అర్థమవుతుంది.

వైద్యులు వేటిని జబ్బుగా లెక్కిస్తారు?

జూదాన్ని మన పెద్దలు ఏనాడో సప్త వ్యసనాల్లో చేర్చారు. ఆధునిక వైద్యం ఆ మాటకు రావడానికి చాలాకాలం పట్టింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో జూదాన్ని రుగ్మతగా గుర్తించినా, మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది 2013లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో జూదంతో పాటు వీడియో గేమ్‌ల వ్యసనానికీ చోటు దక్కింది. ‘సోషల్ మీడియా వ్యసనం’, ‘మొబైల్ వ్యసనం’ అన్నవి ఈ రెండు జాబితాల్లోనూ విడి జబ్బులుగా లేవు.

రోజుకు ఎన్ని గంటలు ఆడితే జబ్బు?

గంటల లెక్క ఏదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు లక్షణాలు చెప్పింది.

- ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం.
- తిండి, నిద్ర, చదువు, ఉద్యోగం కంటే ఆటే ముఖ్యమైపోవడం.
- నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం.

వీటివల్ల కుటుంబం, చదువు, పని బాగా దెబ్బతినాలి. సాధారణంగా 12 నెలల పాటు ఇలా కొనసాగితేనే జబ్బు అంటారు. తీవ్రత ఎక్కువగా ఉంటే అంతకాలం చూడరు. కాబట్టి సెలవుల్లో రోజంతా గేమ్ ఆడి, బడి తెరవగానే మళ్లీ దారిలో పడే పిల్లవాడు రోగి కాడు.

మెదడులో ఏం జరుగుతుంది?

ప్రతిసారీ గెలిచే ఆట త్వరగా విసుగు పుట్టిస్తుంది. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆటే పట్టి ఉంచుతుంది. గెలుపు అంచుదాకా వచ్చి ఓడినప్పుడు కూడా, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలు కొంత స్పందిస్తాయని స్కానింగ్ పరిశోధనల్లో తేలింది. పార్కిన్సన్స్ రోగులకు ఇచ్చే, డోపమైన్‌లా పనిచేసే కొన్ని మందులు వాడినవారిలో కొందరికి కొత్తగా జూదం పిచ్చి పట్టడం, మందు తగ్గించాక అది తగ్గడం వైద్యులు గమనించారు. దీన్ని కేవలం బుద్ధి లోపమని కొట్టిపారేయలేమని చెప్పడానికి ఇదో బలమైన ఆధారం.

మరి వివాదం దేనిమీద?

జూదం విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. గేమ్‌ల విషయంలో ఉంది. ఆరోగ్య సంస్థ ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ కొందరు పరిశోధకులు బహిరంగంగానే రాశారు. చాలామందిలో అతిగా ఆడటం అనేది డిప్రెషన్, ఆందోళన, ఒంటరితనం వంటివాటికి పైకి కనిపించే రూపమని, ముద్ర వేస్తే మామూలు పిల్లలు కూడా రోగులైపోతారని వారి వాదన. పేరు పెడితేనే చికిత్స, శిక్షణ, పరిశోధన సాధ్యమవుతాయని రెండో పక్షం అంటోంది. మీరు గమనించాల్సింది ఒకటే: ఆట వెనుక మరో బాధ ఉందేమో వైద్యులు తప్పక చూడాలి. రెండూ కలిసి ఉంటే రెండింటికీ చికిత్స కావాలి.

చట్టం ఏం చెబుతోంది?

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. దాని ప్రకారం అలాంటి ఆటలు నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఈ కేంద్ర చట్టంలో ఆడినవారికి శిక్ష లేదు. ‘డాక్టరుకు చెబితే బయటపడుతుందేమో’ అని భయపడేవారు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

- టెలి మానస్ – 14416: కేంద్ర ప్రభుత్వ సేవ. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. కుటుంబ సభ్యులు కూడా చేయవచ్చు.
- ప్రభుత్వ ఆసుపత్రులు: హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ ఓపీకి కూడా వెళ్లవచ్చు.
- బెంగళూరు నిమ్హాన్స్: టెక్నాలజీ వ్యసనాల కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది.
- 1930: లోన్ యాప్ మోసాలు, బెదిరింపులపై ఫిర్యాదుకు సైబర్ క్రైమ్ నంబర్.

చికిత్సలో ప్రధానమైనది కౌన్సెలింగ్. ఏ సమయంలో, ఏ బాధలో చేయి ఫోన్ మీదికి వెళ్తోందో గుర్తించి, ఆ దారి మళ్లించడం నేర్పుతారు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

తిట్టి, ఫోన్ పగలగొడితే రహస్యంగా ఆడటం మొదలవుతుంది. మొత్తం అప్పు ఎంతో కాగితం మీద రాయించండి. అడిగినప్పుడల్లా చేతికి డబ్బిచ్చి అప్పు తీర్పించకండి. కొంతకాలం బ్యాంకు ఖాతా, యూపీఐ లావాదేవీలు ఇంట్లో మరొకరు చూసుకునేలా ఒప్పించండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. వెంటనే 14416కు, ప్రాణాపాయం ఉంటే 112కు ఫోన్ చేయండి.