రైలు గడియారము - దాని అసలు కేసు

రైలుబండ్లు ఒకే జత పట్టాలపై ఎదురెదురుగా నడచునప్పుడు ఒక నిమిషము ప్రాణముతో సమానము. 19వ శతాబ్ది చివర అమెరికాలో పెక్కు మార్గములు ఇట్టివే. ఒక బండి ప్రక్క లైనులోనికి తప్పుకొని నిలువగా రెండవది సాగిపోవలెను. ఎక్కడ, ఎప్పుడు తప్పుకొనవలయునో టైముటేబులును, తంతి ఉత్తరువులును చెప్పును. వానిని పాటించుటకు డ్రైవరు, గార్డుల కాధారము జేబు గడియారమే.

1891 ఏప్రిల్ 18న ఒహాయో రాష్ట్రములోని కిప్టన్ వద్ద రెండు బండ్లు ఢీకొని పలువురు మరణించిరి. ఒక డ్రైవరు గడియారము నాలుగు నిమిషములు నిలిచి, మరల తనంతట నడచినదనియు, ఆ సంగతి అతడెరుగడనియు చెప్పుదురు. పిమ్మట ఆ రైల్వేవారు క్లీవ్‌లాండు నగల వర్తకుడైన వెబ్ సి. బాల్‌ను గడియారముల తనిఖీకి నియమించిరి. క్రమముగా కఠిన నియమములేర్పడినవి: తెల్లని డయలుపై నల్లని పెద్ద అంకెలు, కనీసము 17 రాళ్లు, వారమునకు 30 సెకండ్లు మించని తేడా. ముళ్లను త్రిప్పుటకు ముందుగా అద్దపు చట్రము విప్పి, చిన్న లివరును లాగవలెను. జేబులో బొడిపె పొరపాటున కదలినను కాలము మారకుండుటకే ఈ యేర్పాటు.

ఈ పట్టుదల యంత్రము విషయమున చూపబడినదే గాని, డయలుపై మూత ఉండరాదనుట తప్ప కేసు బంగారమా, నికెలా అను విచారణ లేదు. వాల్తం, ఎల్జిన్, హామిల్టన్ కర్మాగారములు చాలకాలము ముఖ్యముగా యంత్రములనే అమ్మినవి. కేసులు చేయువారు వేరు. ఫిలడెల్ఫియాలోని కీస్టోన్ వారు వారిలో పేరుపొందినవారు. గడియారమును ఉద్యోగి తన జీతముతోనే కొనవలెను. దుకాణమున యంత్రము నొకటి, తన తాహతుకు తగిన కేసు నొకటి ఎంచుకొనగా, వర్తకుడు అక్కడనే రెండు మరలతో బిగించి యిచ్చెడివాడు. 21 రాళ్ల మేలి యంత్రము చౌక నికెలు కేసులో కనబడుటకు ఇదియే కారణము.

కావున నేడు వీనిని సేకరించువారు అడుగు "అసలు కేసు" కర్మాగారమున అమర్చినది కానక్కరలేదు. మొదటి యజమాని ఎంచుకొన్నది. యంత్రముపైని సంఖ్యను బట్టి అది తయారైన కాలము పట్టికలలో దొరకును. కేసు సంఖ్యలకు సాధారణముగా అట్టి పట్టికలు లేవు. రెండు సంఖ్యలు కలియలేదు గనుక కేసు మారినదని వాదించువారు కలరు. వేర్వేరు కర్మాగారములవారు వేసిన సంఖ్యలు ఏల కలియవలెను?

కాగితము లేనిచోట కేసునే ప్రశ్నింపవలెను. వెనుక మూత విప్పి భూతద్దముతో చూడుడు. యంత్రమును పట్టియుంచు మరల తలలు కేసు అంచుపై చిన్న గీతలు చేయును. గీతలు ఆ మరల క్రిందనే ఉన్నచో అది మంచి సాక్ష్యము. ప్రక్కన మరియొక జత గీతలు ఖాళీగా ఉన్నచో, ఆ యింట మునుపు వేరొక యంత్రము కాపురము చేసినదన్నమాట. అయితే అదే నమూనా యంత్రమును మార్చినప్పుడు మరలు పాత గీతలపైననే కూర్చుండును. అప్పుడీ సాక్షి మూగవోవును. లివరుకై అంచున ఉండవలసిన గాడిని తరువాత ఆకురాతితో మొరటుగా కోసిరా? కీ ఇచ్చు బొడిపె 12 వద్ద గాక 3 వద్ద ఉన్నదా? ఉన్నచో అది మూతగల కేసుకై చేసిన యంత్రము. కాలమును గూడ చూడవలెను. బంగారు రేకు తొడిగిన కేసులపై 20, 25 ఏండ్ల హామీని ముద్రించు ఆచారము 1920ల నడుమ ఆగిపోయినది. 1940లో వెలువడిన హామిల్టన్ 992బి యంత్రము అట్టి కేసులో ఉన్నచో అనుమానింపక తప్పదు.

1920ల నుండి కర్మాగారములే కేసులతో గూడ అమ్మిన గడియారముల సంగతి సులభము. నాటి ప్రకటనల బొమ్మలతో పోల్చవచ్చును.

కేసులు పోవుటకు పెద్ద కారణము బంగారమే. 1934లో ఔన్సు ధర 20.67 డాలర్ల నుండి 35 డాలర్లయినది. 1980లో మరల విపరీతముగా పెరిగినది. మేలి బంగారు కేసులెన్నో మూసలో కరగిపోగా, యంత్రములు అనాథలై దొరకిన కేసులలో తలదాచుకొన్నవి.

మన గ్రంథాలయమున అట్ట చినిగిన పుస్తకమునకు బైండు కట్టించుచున్నాము. దానిని మోసమని ఎవరనుదురు? సొట్టపడిన కేసును రైలు ఉద్యోగి నాడే మార్చుకొన్నచో అదియు ఆ గడియారపు చరిత్రయే. నిన్న జతచేసి, నేడు "అసలుది" అని హెచ్చు ధరకు అమ్ముట మాత్రము వేరు మాట. బాగుచేసిన పనివాండ్రు వెనుక మూత లోపల సన్నగా తమ గుర్తులను, ఒక్కొక్కప్పుడు తేదీలను గీచెడివారు. మెరుపు కోసము ఆ గీతలను రుద్ది చెరపువారు బంగారము కరగించినవారికి ఏమియు తీసిపోరని నా తలంపు.